పట్టీకెక్కని ప్రాణములు

2025వ సంవత్సరము జనవరి మాసమున వాషింగ్టను నగరమునందు ఒక యుత్తరువుపై సంతకము పడెను. దానితో అమెరికా ప్రభుత్వము పరదేశములకు చేయు ధనసహాయము తొంబది దినములపాటు స్తంభించెను. అచ్చట కలము కదలిన కొలది దినములకే యిచ్చట మన నారాయణగూడలో ఒక చిన్న వైద్యశాల తలుపు మూతపడెను. దాని పేరు మిత్ర్ క్లినిక్. 2021 జనవరిలో తెరువబడిన యా క్లినిక్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సమగ్రవైద్యము నొసగుటకై మన దేశమున వెలసినవానిలో మొదటిది. పూనాలోను, బొంబాయికి సమీపమందలి కళ్యాణులోను గల దాని సోదరశాలలును అప్పుడే మూతపడినవి. దేశము స్వతంత్రమై డెబ్బదియేడేండ్లు నిండిన పిదపకూడ మన బిడ్డల మందుసీసా మూత పరదేశపు అధికారి చేతిలో నుండెనని నాడు తేటతెల్లమయ్యెను. ఇందులకు అమెరికాను నిందించి ప్రయోజనము లేదు. ధనము వారిది, ఇచ్చుటయు మానుటయు వారి యిష్టము. బిడ్డలు మనవారు గనుక సిగ్గును మనదే.

ఈ వార్త దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు వాసులకేమి పట్టినదని కొందరడుగవచ్చును. మిక్కిలి పట్టినది. విజయవాడ రహదారి నగరములో నడుగుపెట్టు ద్వారము ఎల్.బి.నగరు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము జిల్లాలనుండి వచ్చు బస్సులనుండి పెట్టెతోను, చాపచుట్టతోను దిగు యువజనులలో ఎందరో అచ్చటినుండి దిల్‌సుఖ్‌నగరు సందులలోని హాస్టళ్లకు చేరుదురు. గ్రూపు పరీక్షలకు, బ్యాంకు కొలువులకు, పోలీసు ఉద్యోగములకు, ఇంటర్మీడియటునకు చదువు చెప్పు కోచింగు కేంద్రములు ఆ వీథులలో అంతస్తు అంతస్తునకు గలవు. ఒక గదిలో నలుగురు, ఐదుగురు, ఒకే కిటికీ, నెల తిరుగగనే అద్దె. ఇట్టి గదులలో నివసించు వేలాది యువజనులలో, దేహమొకటి చెప్పగా మనస్సు వేరొకటి చెప్పువారు గలరు. తమ లింగమువారియందే యనురాగము గలవారు గలరు. తండ్రికి వ్రాయలేరు, ప్రక్క మంచముపై పరుండినవానికి చెప్పలేరు, హాస్టలు వార్డెనునకు తెలిసెనా, సాయంకాలములోగా పెట్టె వీథిలో నుండును. ఆంగ్లేయములో ఎల్‌జీబీటీక్యూ అను అక్షరముల క్రింద లోకము నేడు లెక్కించుచున్న యువజనులు వీరే. వీరికై పేర్లు వెదకుకొనవలసిన పని లేదు. మన యిండ్ల బిడ్డలే.

2018 సెప్టెంబరున ఎల్.బి.నగరు వరకు మెట్రో రైలు నడచుట మొదలిడెను; 2020లో నారాయణగూడ మార్గమును తెరువబడెను. దిల్‌సుఖ్‌నగరులో బండి యెక్కి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగి, వేరొక బండి మారినచో నారాయణగూడ చేరవచ్చును. కాని ఆ రెండు బండ్ల ప్రయాణ మేల? ప్రక్కవీథిలో ఆసుపత్రి లేకనా? ఆసుపత్రులు లేక కాదు. వానిలో వీరికి చోటు లేక. చీటీ వ్రాయు గుమాస్తా మొదట స్త్రీయా పురుషుడా యని యడుగును. ముఖమొకరీతి, పేరొకరీతి నుండినచో గొంతు పెంచి మరల నడుగును. వరుసలోనివారందరును తల త్రిప్పి చూతురు. మగవారి వరుసలో నిలిచిన నవ్వు, ఆడవారి వరుసలో నిలిచిన గెంటివేత. లోనికి పోయిన పిదప వైద్యుడు జ్వరమును గూర్చి యడుగుటకు ముందు జీవితమును గూర్చి యడుగును. ఇట్టి పరాభవము నొకసారి పొందినవాడు రెండవసారి వైద్యుని కడకు పోడు. మందుల దుకాణమునకు పోవును. హార్మోను మాత్రలను ఎవరో చెప్పిన మోతాదున కొని మ్రింగును. రక్తపరీక్ష లేక మ్రింగిన యా మాత్రలవలన రక్తము గడ్డకట్టవచ్చును, కాలేయము చెడవచ్చును. ఆ సంగతి యాతనికి చెప్పు నాథుడు లేడు.

వైద్యవిద్య నేర్చినవారికే ఈ గతి తప్పలేదు. డాక్టరు ప్రాచీ రాథోడ్, డాక్టరు రూత్ జాన్ పాల్ అను నిరువురు ట్రాన్స్‌జెండర్ వైద్యులు 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యులుగా నియమింపబడిరి. తెలంగాణములో ఇట్టి నియామకము అదియే మొదటిది. ఆ పని మెచ్చదగినది. కాని దానికి ముందు ఎన్ని ఆసుపత్రులు తమను కాదని పంపివేసెనో వారే బహిరంగముగా చెప్పియున్నారు. పట్టా చేతబట్టుకొని వచ్చిన వైద్యురాలిని గుమ్మములోనే నిలిపిన యాసుపత్రి, చీటీ చేతబట్టుకొని వచ్చిన రోగి నెట్లు చూచునో వేరుగ చెప్పనేల?

మూతపడిన మిత్ర్ క్లినిక్ 2025లోనే టాటా ట్రస్టుల ధనసహాయముతో సబ్‌రంగ్ అను పేర మరల తెరువబడినది. దాతలకు మా వందనము. అదే సంవత్సరారంభమున రాష్ట్ర ప్రభుత్వము 33 జిల్లాలలోను మైత్రి యను పేర ట్రాన్స్‌జెండర్ క్లినిక్కులను నెలకొల్పుదుమని ప్రకటించెను. ఆ ప్రకటనకును మా హర్షము. కాని హర్షము ప్రకటించి కలము మూయుటకు వీలు లేదు. నిన్న పరదేశి దానము, నేడు స్వదేశి దానము, రెండును దానములే. దాత మనస్సు మారిన దినమున తలుపు మరల మూతపడును. వైద్యము ప్రజల హక్కుగా నుండవలయునన్న అది ప్రజల బడ్జెటులో నొక పద్దుగా నుండవలయును. ఆ పద్దు వ్రాయుటకు ముందు ఎందరికి, ఏ రోగమునకు, ఏ వీథిలో, ఏ వయస్సువారికి అను ప్రశ్నలకు జవాబు కావలయును. ఆ జవాబు నిచ్చువారు పరిశోధకులు. మన వాదమునకు మూలమిచ్చటనే యున్నది: లెక్కింపబడని రోగికి మందు లేదు, మనము లెక్కింపక పరులచే లెక్కింపించుకొన్న రోగికి స్థిరమైన మందు లేదు.

మనము లెక్కించిన దేమో చూతము. 2011 జనాభా లెక్కలలో తొలిసారిగా స్త్రీ పురుషులు గాక 'ఇతరులు' అను మూడవ గడి చేర్చిరి. దేశమంతటను 4,87,803 మంది యా గడిలో చేరిరి. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మంది. అది తలల లెక్కయే. ఆ తలలలోని వేదన లెక్క కాదు. స్వలింగానురాగులైన యువతీయువకులు ఆ గడిలోనికి రానే రారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వ్యక్తుల నడుగు ప్రశ్నావళులు రెండే: స్త్రీల కొకటి, పురుషుల కొకటి.

మనస్సు సంగతి చూడుడు. బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జాతీయ మానసికారోగ్య సర్వే జరిపెను. పండ్రెండు రాష్ట్రములలో వారడుగుపెట్టిరి. ఆ పండ్రెండింటిలో తెలంగాణము లేదు, ఆంధ్రప్రదేశమును లేదు. తెలుగువాని మనోవ్యాధి ఆ పుస్తకములో ప్రత్యేకముగ చోటు చేసికొననే లేదు. ఇక తెలుగు హిజ్రా మనోవ్యాధిని, హాస్టలు గదిలో పెదవి బిగించి పరుండిన యువకుని మనోవ్యాధిని ఆ పుస్తకములో నెట్లు వెదకుదుము?

చావుల సంగతి చూడుడు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కప్రకారము 2021లో దేశమున ఆత్మహత్య చేసికొన్నవారు 1,64,033 మంది. అందు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు 28 మంది యని వ్రాసిరి. ఇరువదియెనిమిది! లక్షలకొలది జనముగల యొక సమాజములో, ఇల్లు వెడలగొట్టబడి, బడి మానిపింపబడి, వీథిలో చేయిచాచు సమాజములో, ఏడాదికి ఇరువదియెనిమిది మందియేనట. ఈ అంకె నిజమైనచో వారు దేశములో కెల్ల సుఖజీవులని చెప్పవలయును! శవమును చూచి చీటీ వ్రాయు పోలీసువాని గడి యది. బ్రదికినంతకాలము తన్నుతాను స్త్రీయని చెప్పుకొన్న వ్యక్తిని చచ్చిన పిదప ఆ చీటీ పురుషుడని వ్రాసిన నడుగువా రెవ్వరు? ఆ యేడే 13,089 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని అదే పుస్తకము చెప్పుచున్నది. పరీక్షలో తప్పుట, కుటుంబ కలహము, ప్రేమవ్యవహారము మొదలగునవి కారణములుగా అందు వ్రాసిరి. ఏ ప్రేమ? ఎట్టి కుటుంబ కలహము? ఆ గడులలో నెందరి రహస్యములు సమాధియై యున్నవో చెప్పు పుస్తకము లేదు.

ఒక్కదానిని మాత్రము ప్రభుత్వము శ్రద్ధతో లెక్కించినది. అది ఎయిడ్సు వ్యాధి. 2017 నాటి లెక్కలో వయోజనులలో నూటికి 0.22 మందికి హెచ్‌ఐవీ సోకియుండగా, హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో నూటికి 3.14 మందికి సోకియుండెను. అనగా పదునాలుగు రెట్లు. ఈ యంకెను బయటపెట్టినవారు గొప్ప పని చేసిరి. దానివలన మందులు వచ్చినవి, ప్రాణములు నిలిచినవి. కాని ఇందులోనే యొక కఠోరసత్యము దాగియున్నది. ఈ యంకెను చూచువారిలో ఎందరో వీరి ప్రాణమునకై గాక, వీరినుండి రోగము తమకు సోకునను భయముచేతనే చూచిరి. కనుకనే రోగము నంటింపని వేదనలు లెక్కకు రాలేదు. స్త్రీయందనురాగము గల యువతిని ఆ లెక్కవారడుగరు. ఆడదేహముతో పుట్టి తాను మగవాడనని యెరిగినవానిని ఆ లెక్కవారు వెదకరు. వారివలన నితరులకు భయము లేదు; వారికి గల భయము మన కక్కరలేదు.

పరిశోధకులు ఇట్టి వేదనకు కారణమును వెదకియున్నారు. ఇలాన్ మేయర్ అను అమెరికా పరిశోధకుడు 2003లో ప్రకటించిన వ్యాసమున దీనిని స్పష్టపరచెను. అల్పసంఖ్యాకులైనవారి మనోవ్యాధికి మూలము వారి స్వభావములో లేదు. చుట్టునున్నవారి యేవగింపులో నున్నది. అవమానము జరుగుట యొకటి. జరుగునేమోయని క్షణక్షణము కాచుకొనుట యొకటి. తన్ను తాను దాచుకొనుట యొకటి. లోకము తన్ను హీనుడనగా తానును నమ్ముట యొకటి. ఈ నాలుగు బరువులను నిత్యము మోయు దేహము నిద్ర చెడి, ఆకలి చెడి, మత్తునకు లోనై, రోగమునకు లొంగును. మన దేశమున ఈ బరువులపై మరియొకటి గలదు. ఆ యువకుడు దళితవాడనుండియో, లంబాడీ తండానుండియో వచ్చినవాడైనచో, గది యద్దెకిచ్చువాడు మొదట కులమడుగును. పేద ముస్లిము ఇంటి బిడ్డయైనచో పేరు వినగానే గది లేదనును. ఇన్ని గడపలు దాటివచ్చిన వాని యారోగ్యమును ఇతరుల యారోగ్యముతోడి తూకమున తూచుట న్యాయమా? తూచి చూచినగాని భేదము తెలియదు. భేదము తెలిసినగాని చికిత్స సాగదు.

ఇందులో మిక్కిలి ప్రమాదకరమైన వయస్సు పదునాలుగు మొదలు పదునెనిమిది. దిల్‌సుఖ్‌నగరు ఇంటర్మీడియటు హాస్టళ్లు నిండియున్నది ఆ వయస్సువారితోనే. పదునెనిమిదేండ్లు నిండనివారిని పరిశోధనలో ప్రశ్నింపవలయునన్న తల్లిదండ్రుల సమ్మతి కావలయును. నియమము మంచిదే. కాని ఏ రహస్యమును తండ్రికి చెప్పలేక బాలుడు కుములుచున్నాడో, ఆ రహస్యమును గూర్చి యడుగుటకు ఆ తండ్రి సంతకమే తెమ్మన్నచో బాలుడేమి చేయును? భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నీతినియమావళి కొన్ని సందర్భములలో ఆ సమ్మతిని సడలించు నధికారమును నైతిక సంఘములకిచ్చినది. ఆ యధికారమును వాడుటకు ధైర్యము కావలయును. ధైర్యము లేనిచోట పరిశోధకుడు పదునెనిమిదేండ్ల గీతవద్దనే యాగిపోవును. ఆ గీతకు క్రిందనే ప్రాణములు పోవుచుండును.

ఇక ఆక్షేపణలకు వత్తము. ఇది పాశ్చాత్యమునుండి వచ్చిన జాడ్యమనియు, మన దేశమున నిట్టివి లేవనియు నొక వాదము. ఈ మాట యనువారు తెలుగు భారతము చదివినవారేనా? తిక్కన సోమయాజి తన రచనను విరాటపర్వముతో నారంభించెను. ఆ పర్వమున గాండీవి పేడి రూపమున బృహన్నలయై రాజకన్యకు నాట్యము నేర్పెను. ఆషాఢమాసమున బోనాల యూరేగింపులో చీరకట్టి, పసుపు పూసికొని యాడు శివసత్తులకు ఈ నగరమువారే నమస్కరింతురు. పండుగనాడు పాదములకు మ్రొక్కిన చేయి, మరునాడు ఆసుపత్రి వరుసలో వారిని వెనుకకు నెట్టుట ఏ సంప్రదాయము? నిజముగ పరదేశమునుండి వచ్చినది శిక్ష. మెకాలే రూపొందించిన శిక్షాస్మృతి 1860లో చట్టమై, అందలి 377వ సెక్షను స్వలింగానురాగమును నేరము చేసెను. 1871లో ఆంగ్లప్రభుత్వము హిజ్రాలను నేరస్థ తెగల చట్టములో చేర్చెను. ఆ బాటనే నడచి నిజాము ప్రభుత్వము 1329 ఫసలీలో, అనగా 1919లో, హైదరాబాదు రాజ్యమున వారికై ప్రత్యేకముగ నొక చట్టము చేసెను.

ఈ చట్టమును పాఠకులు మరువరాదు. దాని ప్రకారము నగరమున నివసించు హిజ్రాల పేర్లు పట్టీలో వ్రాయవలయును. పట్టీకెక్కినవారు ఆడువారి దుస్తులు ధరించి బహిరంగముగ కనబడినను, ఆడినను, పాడినను వారంటు లేకుండ పట్టుకొని శిక్షింపవచ్చును. నిజాము పోయెను, హైదరాబాదు రాజ్యము పోయెను, ఆంధ్రప్రదేశము వచ్చెను, తెలంగాణ రాష్ట్రము వచ్చెను. ఆ చట్టము మాత్రము పేరు మార్చుకొని గ్రంథములో నిలిచియే యుండెను. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు న్యాయస్థానము తలుపు తట్టగా, 2023 జూలైలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను నీయవలయుననియు నాదేశించెను. దీనికి ముందే 2014లో సర్వోన్నత న్యాయస్థానము వారిని తృతీయ లింగముగ గుర్తించెను. 2018లో 377వ సెక్షనును వయోజనుల పరస్పర సమ్మతి విషయమున రద్దుచేసెను.

ఇందలి విపరీతము చూడుడు. నూరేండ్లకు ముందు ప్రభుత్వము వీరి పేర్లు వ్రాసికొనుటకు కాగితము కొరత లేదు, గుమాస్తా కొరత లేదు. శిక్షించుటకు పట్టీ సిద్ధము. చికిత్స చేయుటకు పట్టీ లేదు! కనుకనే నేడు లెక్కలు వ్రాయుటకు వచ్చినవానిని చూచి వారు భయపడుదురు. ఆ భయము అకారణము కాదు. దాని వెనుక శతాబ్దపు పోలీసు పట్టీ యున్నది. నేటి పరిశోధకుడు ఆ పట్టీ వేరు, ఈ పట్టీ వేరని మాటలతో గాక నడవడితో ఋజువు చేయవలయును.

రెండవ యాక్షేపణ: కోట్లాది జనులకు జ్వరములకే మందు చాలదు, పిడికెడు మందికై వేరుగ నింత శ్రమ యేల యని. పిడికెడు మందియని వీరికెవరు చెప్పిరి? లెక్కయే లేదు గదా. లెక్కింపకుండుట, పిదప లెక్క తక్కువయనుట, తక్కువ గనుక లెక్కింపనక్కరలేదనుట, ఇది గానుగెద్దు తర్కము. మూడవ యాక్షేపణ: ఇట్టి ప్రశ్నలడిగిన యువజనుల మనస్సులు చెడునని. జ్వరమానిని నోటబెట్టినందున జ్వరము పుట్టదు. ఇదే సికింద్రాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి చూచెను. ఆయన చూచినందున మలేరియా పుట్టలేదు; దాని గుట్టు బయటపడెను. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దములుగా మన పేదల కంచములోని మెతుకును కొలచుచున్నది. ఆ కొలతవలన ఆకలి పెరుగలేదు. పరిశోధనకు పేరుగన్న నగరమిది. దోమను చూడగలిగిన కన్ను మనిషిని చూడుటకు జంకనేల?

వైద్యవిద్యాధికారుల మాటయు నొకటి చెప్పవలసియున్నది. స్వభావమును మార్చెదమని యువజనులకు మందులు, విద్యుత్తు దెబ్బలు, ప్రార్థనలు ప్రయోగించు నాటువైద్యమును వృత్తిదోషముగ జాతీయ వైద్య మండలి 2022లో ప్రకటించెను. ఆ మండలియే 2024 ఆగస్టు చివర విడుదల చేసిన పాఠ్యప్రణాళికలో స్త్రీల పరస్పరానురాగమును అసహజ నేరములలో మరల చేర్చి, దేశమంతట గగ్గోలు లేవగా సెప్టెంబరు మొదటి వారములో వెనుకకు తీసికొనెను. రాత్రి వ్రాసి తెల్లవారి చెరిపివేయు పాఠమును చదివిన వైద్యుడు రోగిని చూచి తడబడుటలో వింతయేమి?

పరిశోధకులారా, మీ పక్షమున నింత వాదించితిమి. మీకును రెండు మాటలు. పశువుల సంతలో పళ్లు చూచినట్లు ఈ యువజనులను చూచి పోవువారు మీలో గలరు. ప్రశ్నావళి ఆంగ్లేయము, నివేదిక ఆంగ్లేయము, సభ పంచనక్షత్ర హోటలులో. నూరు ప్రశ్నలకు జవాబు చెప్పినవానికి ఒక మాత్ర దొరకదు, తాను చెప్పినది ఏమైనదో తెలియదు. రక్తము తీసికొనిపోయినవారు ఫలితము చెప్పుటకు రారు. ప్రశ్న తెలుగులో నడుగుడు, ఉర్దూలో నడుగుడు, లంబాడీలో నడుగుడు. అడుగువారిగా ఆ సమాజపు యువజనులకే శిక్షణయిచ్చి, జీతమిచ్చి నియమింపుడు. పేరు వ్రాసికొనకుడు, వ్రాసినచో తాళము వేయుడు. ఆత్మహత్య తలపు గలదని ఒకడు చెప్పినపుడు దానిని గడిలో వ్రాసికొని తరువాతి ప్రశ్నకు పోకుడు. వైద్యుని కడకు చేయిపట్టి తీసికొనిపొండు. మీ గ్రంథము ఆతని వేదనతో వ్రాయబడినది. అందాతనికి వాటా గలదు.

ప్రభుత్వమును మేమడుగునవి క్రొత్తవి కావు, చట్టములో నున్నవే. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణ చట్టపు 15వ సెక్షను హార్మోను చికిత్సను, శస్త్రచికిత్సను, సలహాసేవను, భీమాను, వైద్యవిద్యలో మార్పును, పరిశోధనను ప్రభుత్వముల బాధ్యతగా వ్రాసెను. 2017 నాటి మానసికారోగ్య చట్టము లింగభేదము గాని, లైంగికస్వభావము గాని చూపి చికిత్స నిరాకరింపరాదని వ్రాసెను. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ క్రింద ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యమని ఒప్పందము వ్రాసిరి. కాని దానికి జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రము కావలయును, ఇంట తెలియనివాడు ఆ పత్రమెట్లు తెచ్చునో వ్రాయలేదు. 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము, విశాఖపట్టణమున కోచింగు విద్యార్థిని మరణమునుండి పుట్టిన వ్యాజ్యమున, నూర్గురుగాని అంతకు మించిగాని విద్యార్థులుగల ప్రతి విద్యాసంస్థయందును ఒక సలహాదారు నుంచవలయుననియు, ఎల్‌జీబీటీక్యూ మొదలగు అణగారిన వర్గముల విద్యార్థులతో సున్నితముగ మెలగుటకు సిబ్బందికి శిక్షణ నీయవలయుననియు, హాస్టళ్లలో టెలిమానస్ వంటి సహాయ కేంద్రముల సంఖ్యలు కనబడునట్లు వ్రాయవలయుననియు నాదేశించెను. టెలిమానస్ సంఖ్య 14416. పాఠకులారా, మీ వీథిలోని హాస్టలు మెట్లెక్కి చూడుడు. ఫీజు వివరములు గోడపై నుండును, ర్యాంకులవారి ఫొటోలుండును, ఈ అయిదంకెలున్నవో లేవో మీ కన్నులతో మీరే చూడుడు.

కనుక మేము కోరునది మూడు మాటలలో చెప్పెదము. మొదటిది: గడ్డిఅన్నారపు పండ్ల అంగడి యుండిన చోట ఎల్.బి.నగరు ప్రాంతమునకై 1,000 పడకల టిమ్సు ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిరి. అందును, వనస్థలిపురపు ఏరియా ఆసుపత్రియందును ఈ యువజనులకు స్థిరమైన విభాగముండవలయును. దాని జీతములు, మందులు రాష్ట్ర బడ్జెటు పద్దునుండి రావలయును. రెండవది: ఉస్మానియా వైద్య కళాశాలయు, నగరమందలి పరిశోధనాసంస్థలును కలిసి, రాష్ట్ర ధనముతో, యువజనుల సమ్మతితో, పేర్లు బయటపడనీయక, ఈ తూర్పు హైదరాబాదునుండియే ఆరోగ్య వైషమ్యముల విచారణ ప్రారంభింపవలయును, ఫలితములు తెలుగులో, ఉర్దూలో వెలువడవలయును. మూడవది: సర్వోన్నత న్యాయస్థానపు టాదేశము ప్రతి కోచింగు కేంద్రమునందును, హాస్టలునందును అమలగుచున్నదా లేదా యని తనిఖీ చేసి, ఆ తనిఖీ ఫలితమును బహిరంగముగ ప్రకటింపవలయును.

ఇందులో నసాధ్యమేమున్నది? సొమ్ము లేదందురా? వాషింగ్టను పన్నుదారుడు నాలుగేండ్లు భరించిన ఖర్చును తెలంగాణ భరింపలేదా? పరిశోధకులు లేరందురా? ఈ నగరమున తయారైన పరిశోధకులు లోకమంతట పనిచేయుచున్నారు. జనులు సమ్మతింపరందురా? బోనాలలో మ్రొక్కు జనులు ఆసుపత్రిలో సమ్మతింపకపోరు; వారికి చెప్పువారు కావలయును. ఆ చెప్పుట చదువుకొన్న మనందరి పని. పఠనమందిరమున ఈ పత్రికను మడిచి లేచుటకు ముందు ప్రక్కవారితో దీనిని గూర్చి యొక మాట మాటాడుడు. మీ డివిజను కార్పొరేటరుగ వోటడుగ వచ్చువానిని, మీ శాసనసభ్యుని, మీ వీథి హాస్టలు యజమానిని ఈ మూడు కోరికలను గూర్చి యడుగుడు. అడుగువారు లేని రాజ్యమున పట్టీలు శిక్షకే పుట్టును. అడిగినపుడే రక్షణకును పుట్టును.